క్షమాపణకు వెల చెల్లించువారెవరు?

మన తెలుగు భాషలో "క్షమాపణ" యను మాట రెండు పనులు చేయుచున్నది. తప్పు చేసినవాడు క్షమాపణ చెప్పుకొనెను అందుము. అచ్చట నది వేడుకొనుట. దేవుడు పాపక్షమాపణ యనుగ్రహించెను అందుము. అచ్చట నది దయచేయుట. అడుగుటకును ఇచ్చుటకును ఒకే పదముండుటచేత నొక చిక్కు పుట్టినది. అడిగినవాడు, అడిగినంతమాత్రముననే, అది తనకు లభించినదని తలపోయుచున్నాడు. తోటివాని జామెట్రీ పెట్టె విరుగగొట్టిన బాలుడు "సారీ చెప్పితిని గదండీ" అని ఉపాధ్యాయుని యెదుట నిలుచున్నప్పుడు వాని ముఖమున కనబడు నిశ్చింత యిట్టిదే. వాని లెక్క ప్రకారము వ్యవహారము ముగిసినది. పెట్టె మాత్రము విరిగియే యున్నది.

ఈ నిశ్చింత బాలురలో మాత్రమే యున్నచో నింత వ్రాయవలసిన పనిలేదు. క్రైస్తవ గృహములలోను, పాఠశాలలలోను, సంఘములలో సైతమును క్షమాపణను గూర్చి చెప్పబడుచున్న మాటలలో నెక్కువ భాగము మిక్కిలి చవుకగా నున్నవని మా యభిప్రాయము. ఏటేట శ్రమదినములు వచ్చుచున్నవి. సిలువ ధ్యానములు జరుగుచున్నవి. శుభ శుక్రవారమున మూడు గంటల ఆరాధనలో అందరును కన్నీరు పెట్టుకొనుచున్నారు. అయినను ఆ సిలువ దేనికి సంబంధించినదో, దానికిని మనమొకరినొకరము క్షమించుటకును గల సంబంధమేమో విచారించువారు కొద్దిమంది. పొందువానికి క్షమాపణ ఉచితమే. ఇచ్చువానికి మాత్రము అది యెన్నడును ఉచితము గాదు. ఈ యొక్క సంగతిని మరచుటవలన నెన్ని యనర్థములు కలుగుచున్నవో చూపుటకే ఈ వ్యాసము.

మొదట ప్రాయశ్చిత్తమను పదమును విచారింతము. ఇది క్రైస్తవులు కల్పించినది గాదు. యాజ్ఞవల్క్య స్మృతి ఆచారము, వ్యవహారము, ప్రాయశ్చిత్తము అను మూడు అధ్యాయములుగా నున్నది. మనుస్మృతిలో 11వ అధ్యాయము చాలవరకు దీనిని గూర్చినదే. అచ్చట దోషము చేసినవాడే ప్రాయశ్చిత్తమును చేసికొనవలెను. చాంద్రాయణ వ్రతము పట్టినవాడు చంద్రకళల ననుసరించి తన కబళములను పెంచుకొనుచు, తగ్గించుకొనుచు నెలదినములు గడుపును. దోషియు వ్రతియు నొక్కడే. బైబిలును తెనిగించిన పెద్దలు హెబ్రీ గ్రంథములోని భావమునకు దగ్గరయైన మాటను వెదకి దీనిని గైకొనిరి. వారు వేరేమి చేయగలరు? సరిక్రొత్త మాటను కల్పించినచో నెవరికిని బోధపడకపోవును. కాని మాటతోపాటు దాని పూర్వపు అర్థమును కొంత వెంబడించినది. శ్రమదినములలో మాంసము మానినచో, ఉపవాసముండినచో, తమ దోషములకు తామే వెల కట్టుకొనుచున్నామని లోలోపల నెంచు విశ్వాసులు నేటికిని కలరు. ఉపవాసము మంచిదే, దానిని వెలగా నెంచుటయే పొరపాటు.

లేవీయకాండము 16వ అధ్యాయములోని ప్రాయశ్చిత్తార్థ దినమును చూడుడు. ఏడవ నెల పదియవ దినమున ప్రధాన యాజకుడు మొదట తనకొరకును తన యింటివారికొరకును కోడెదూడ నర్పించును. పిదప రెండు మేకపిల్లలు తేబడును. వాటి విషయమై చీట్లు వేయబడును. ఒకటి వధింపబడి దాని రక్తము అడ్డతెరలోపల కరుణాపీఠముపై ప్రోక్షింపబడును. రెండవదాని తలమీద యాజకుడు తన రెండు చేతులుంచి, ప్రజల దోషములన్నిటిని బయటికి చెప్పి ఒప్పుకొని, దానిని అరణ్యమునకు పంపివేయును. ఆ దినమున ప్రజలు చేయు పని యేమి? తమ్మును తాము తగ్గించుకొని, పనులు మానుకొని, నిలిచి చూచుట. కార్యము వారి నిమిత్తము జరుగుచున్నది గాని వారివలన జరుగుటలేదు. ఆ రక్తమును బలిపీఠముకొరకు ఇచ్చినవాడు దేవుడేయని తరువాతి యధ్యాయము చెప్పుచున్నది. అర్పణ కూడ ఆయన యిచ్చినదే! ఇచ్చట స్మృతికారుల మార్గమును మోషే ధర్మశాస్త్రపు మార్గమును విడిపోవుచున్నవి. ఒకదానిని పొగడుటకై ఇంకొకదానిని నిందించుట మా యుద్దేశము గాదు. మా తరగతులలో హిందూ బాలబాలికలును ముస్లిము బాలబాలికలును కూర్చుండుచున్నారు. ఒకే పదముక్రింద రెండు భావములున్నవని తెలియుట ఎల్లరకును మేలు.

ఇంగ్లీషు బైబిలులో 16వ శతాబ్దమున విలియము టిండేలు ఈ భావమునకు వాడిన "అటోన్‌మెంట్" అను మాట, "ఎట్ వన్" అనగా "ఒకటిగా నుండుట" యను పలుకుబడినుండి పుట్టినది. రోమీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమున నా మాట వచ్చుచోట మన తెలుగు బైబిలు సమాధానమును గూర్చి మాటలాడును. విడిపోయిన యిరువురు మరల నొకటగుటయే దాని సారము.

ఇది యెట్లు జరుగును? సిలువపై నొకని మరణము మనలను దేవునితో నెట్లు ఐక్యపరచును? సర్వసంఘమును గూడి ఈ ప్రశ్నకు ఒకే సిద్ధాంతమును స్థిరపరచలేదని చెప్పినచో మన పాఠకులలో కొందరాశ్చర్యపడుదురేమో. నీకయ విశ్వాసప్రమాణము క్రీస్తు మనకొరకు సిలువ వేయబడెనని ఒప్పుకొనును గాని, అది ఫలించు విధమును వివరింపదు. కాంటర్‌బరీ ప్రధాన బిషప్పుగా నుండిన అన్సెల్ము 1098లో ముగించిన గ్రంథమున, పాపమువలన దేవుని ఘనతకు గలిగిన లోటు తీర్పబడవలసినదేయని వాదించెను. ఆయన తరువాతివాడగు అబెలార్డు, సిలువలో బయలుపడిన ప్రేమ మన హృదయములను కరగించి త్రిప్పునని నొక్కి చెప్పెను. 16వ శతాబ్దపు సంస్కర్తలు న్యాయస్థానపు భాషను వాడిరి. స్వీడను దేశస్థుడగు గుస్తాఫ్ ఔలేన్ 1930లో, ఆదిసంఘపు పితరులు సిలువను ముఖ్యముగా విజయముగా చూచిరని గుర్తుచేసెను. క్రొత్త నిబంధనయే బలిపీఠమునుండియు, బజారునుండియు, న్యాయస్థానమునుండియు, యుద్ధభూమినుండియు మాటలను తెచ్చుకొన్నది. ఒకదానినే పట్టుకొని తక్కిన మూటిని త్రోసివేయువారితో మాకు పేచీ లేదు గాని, వారు నష్టపడుచున్నారని మాత్రము చెప్పగలము.

అయితే పై తరగతుల పిల్లలు బైబిలు తరగతిలో నడుగు ప్రశ్న యొకటి కలదు. ఒకడు తప్పు చేయగా వేరొక నిరపరాధిని దండించుట న్యాయమా? ఇట్లడిగిన పిల్లలను అవిశ్వాసులని గద్దించువారి యెడల మాకు సానుభూతి లేదు. ప్రశ్న మంచిది. మిక్కిలి కోపించిన తండ్రి యొకడు, అడ్డము వచ్చిన అమాయకుని కొట్టి శాంతించెనను చిత్రము మన ప్రసంగములలో కొన్నిటివలన వారి మనస్సున నాటుకొన్నది. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 5వ అధ్యాయములో అట్టి చిత్రము లేదు. అచ్చట సమాధానపరచువాడు దేవుడే. క్రీస్తునందుండి ఆ పనిని చేసినవాడును దేవుడే. మూడవవాడెవ్వడును మధ్యకు లాగబడలేదు. అప్పిచ్చినవాడే నష్టమును తనమీద వేసికొనెను.

మత్తయి సువార్త 18వ అధ్యాయములోని ఉపమానమును ఈ వెలుగులో చదువుడు. దాసుడొకడు తన రాజునకు పదివేల తలాంతులు అచ్చియుండెను. (అచ్చియుండుట యనగా ఋణపడియుండుట. ఈ చక్కని తెలుగుమాటను నేటి పిల్లలు బైబిలులో గాక మరెక్కడ విందురో మాకు తోచదు.) దేనారము ఆ కాలపు కూలివాని దినకూలియని అదే సువార్త 20వ అధ్యాయమువలన తెలియుచున్నది. తలాంతు ఒక్కింటికి సుమారు 6,000 దేనారములు. లెక్కలయందు ప్రీతిగల విద్యార్థులు గుణించి చూడవచ్చును: 6 కోట్ల దినముల కూలి. ఏటికి 300 దినములు పనిచేసినను 2 లక్షల సంవత్సరములు పట్టును. గలిలయ, పెరయ ప్రాంతములనుండి హేరోదు అంతిపకు ఏటేట వచ్చిన రాబడి 200 తలాంతులని యూదుల చరిత్రకారుడు యోసేపసు వ్రాసెను; ఆ లెక్కను చూడగా ఈ దాసుని అప్పు ఒక పాలకుని 50 ఏండ్ల రాబడి. కొంత గడువిచ్చినచో నంతయు తీర్చెదనని వాడు బ్రతిమాలుకొనుట విన్నవారికి నవ్వు వచ్చియుండవలెను. రాజు గడువు నీయలేదు, అప్పునే కొట్టివేసెను.

ఇచ్చట చదువరులు ఆగి యోచింపవలెను. కొట్టివేసిన అప్పు ఏమాయెను? గాలిలో కలిసిపోయెనా? లేదు; ఆ పదివేల తలాంతులు రాజు బొక్కసమున లోటుగా నిలిచినవి. ఆ సాయంకాలము రాజు అంతమేరకు బీదవాడు. క్షమించుట యనగా తనకు రావలసినదానిని పోగొట్టుకొనుటకు మనఃపూర్వకముగా నొప్పుకొనుట. సిలువయందు క్రైస్తవుడు చూచునది, దేవుని బొక్కసమున నేర్పడిన ఆ లోటునే.

పిమ్మట ఆ దాసుడు బయటికి పోయి, తనకు నూరు దేనారములు అచ్చియున్న తోడిదాసుని గొంతు పట్టుకొనెను. ప్రసంగములలో ఈ నూరు దేనారములను "స్వల్పమైన అప్పు" అని తేలికచేయుట పరిపాటి. మేము దాని కొప్పుకొనము. నూరు దినముల కూలి! కూలినాలి చేసికొని బ్రదుకు ఇంట నది మూడు నాలుగు నెలల గ్రాసము. రాజునకు రావలసిన అప్పులో ఆరు లక్షలలో నొకవంతని పోల్చినప్పుడే అది చిన్నది. పోగొట్టుకొన్నవానికి చిన్నది గాదు. ప్రభువు ఆ సంఖ్య నూరకే యెన్నుకొనలేదని మా నమ్మకము. ఇతరులు మనకు చేసిన కీడు నిజమైనదే, దాని బాధయు నిజమైనదేయని ఆయన యొప్పుకొని, ఆ పిమ్మట క్షమింపుమనుచున్నాడు.

దీనివలన తేలు సంగతి యేమి? ఎవని నష్టమో వాడే క్షమింపగలడు. నష్టపడనివాడు నష్టపడినవాని పక్షమున క్షమాపణ పంచిపెట్టుట, అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లే. ఇది పాఠశాలలలో నెంత సాధారణముగా జరుగుచున్నదో తలిదండ్రు లెరుగరు. తోటి పిల్లలు తన తల్లి చేయు పనిని ఎగతాళి చేసి, తన పుస్తకమును చించిరని చిన్న బాలిక యొకతె ఏడ్చుచు వచ్చును. ఉపాధ్యాయునకు తీరిక లేదు, గంట కొట్టబోవుచున్నారు. ఆయన యిరుపక్షముల వారిని పిలిచి, ఒకరిచేత "సారీ" అనిపించి, ఇంకొకరితో "నీవు క్రైస్తవ పిల్లవు గదమ్మా, క్షమించితినని చెప్పి చేయి కలుపుము" అనును. ఆ బాలిక చేయి కలుపును. పెద్దలు చెప్పినప్పుడు వేరేమి చేయును? ఆమె క్షమించినదని మనము వ్రాసికొందుము. ఆమె నేర్చుకొన్నది మాత్రము వేరు: తన కన్నీరు పెద్దలకు తొందర కలిగించుచున్నది గనుక దానిని దాచుకొనవలెననియు, యేసుక్రీస్తు తనను బాధించినవారి పక్షమున నున్నాడనియు. ఇంతకంటె ఘోరమైన వేదపాఠమును ఏ పాఠ్యప్రణాళికలోను మేము చూడలేదు.

పెద్దలలో నిది మరింత భయంకరమైన రూపము దాల్చును. త్రాగివచ్చి కొట్టు భర్తను గూర్చి మొరపెట్టుకొన్న స్త్రీని, క్షమించి సిలువ మోయుమని చెప్పి అదే యింటికి త్రిప్పి పంపు పెద్దలు కొన్ని సంఘములలో లేకపోలేదు. సిలువను ఎవరికి వారు ఎత్తుకొనవలసినదే గాని ఒకరు ఇంకొకరి భుజముమీద మోపదగినది గాదు. కురేనీయుడైన సీమోనుపై దానిని బలవంతముగా మోపినవారు రోమా సైనికులని జ్ఞాపకముంచుకొనవలెను.

అట్లయిన డెబ్బది యేడులు మారులు క్షమింపుమన్న యాజ్ఞ సంగతి యేమని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న నడిగిన పేతురు, తన సహోదరుడు తనకు చేసిన తప్పిదమును గూర్చియే యడిగెను; ఇతరులచేత ఎన్నిమారులు క్షమింపజేయవలెనని యడుగలేదు. మరియు అతడడుగకముందే, అదే యధ్యాయమున, ప్రభువొక క్రమము నేర్పరచెను. తప్పిదము చేసినవానియొద్దకు పోయి ఒంటరిగా వాని తప్పు వానికి తెలుపవలెను. విననియెడల ఒకరిద్దరిని సాక్షులుగా తోడుకొని పోవలెను. అప్పటికిని విననియెడల సంఘమునకు తెలియజేయవలెను. తప్పును తప్పని చెప్పుట ముందు, క్షమాపణ పిమ్మట. ఈ ముందరి వచనములపై ప్రసంగములు ఏల యింత అరుదుగా వినబడునో! సిలువమీద ప్రభువు పశ్చాత్తాపపడనివారి కొరకు సైతము ప్రార్థింపలేదా యని కొందరందురు. నిజమే. ఆ ప్రార్థన చేసినవాడు మేకులు కొట్టబడినవాడు. ప్రక్కన నిలుచుండి చూచినవాడు గాదు.

మన దేశపు చరిత్రలోనే దీనికొక నిదర్శనము కలదు. 1965లో ఆస్ట్రేలియానుండి వచ్చి, ఒరిస్సా (నేటి ఒడిశా) రాష్ట్రమునందలి బారిపదలో కుష్ఠరోగుల సేవలో నుండిన గ్రాహం స్టెయిన్స్‌ను, 10 ఏండ్ల ఫిలిప్‌ను, 6 ఏండ్ల తిమోతిని 1999 జనవరి 22వ తేదీ రాత్రి గడచి 23వ తేదీ తెల్లవారకముందు మనోహర్‌పూర్ గ్రామమున వారు నిద్రించుచున్న వాహనమునకు నిప్పుపెట్టి చంపిరి. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించితినని బహిరంగముగా చెప్పెను. కుమార్తెతో గూడ ఆ యూరనే నిలిచి కుష్ఠరోగుల సేవను కొన్ని యేండ్లు కొనసాగించెను. 2005లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదము నిచ్చెను. న్యాయస్థానముల పని మాత్రము ఆగలేదు. 2003లో ముఖ్య నిందితునికి మరణశిక్ష విధింపబడెను. 2005లో ఒరిస్సా హైకోర్టు దానిని యావజ్జీవ శిక్షగా మార్చెను. 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షనే స్థిరపరచెను. ఆమె క్షమాపణకును ఆ తీర్పులకును వైరుధ్యమున్నదా? లేదని మా యభిప్రాయము. పగ తీర్చుకొను హక్కును ఆమె విడిచిపెట్టెను. హత్యను హత్యయని పిలుచు బాధ్యతను రాజ్యము నెరవేర్చెను. ఆమె మాటను లోకము నమ్మినదనగా, పోగొట్టుకొన్నది ఆమెయే గనుక నమ్మినది. మరునాడు ఎవరైన పెద్దమనుష్యుడు ఢిల్లీలో కూర్చుండి క్రైస్తవుల పక్షమున క్షమించుచున్నామని ప్రకటించియుండినచో ఆ మాటకు ఏమి విలువ యుండెడిది?

ఇక తప్పు చేసినవాని వైపు చూతము. రాజు అప్పు కొట్టివేసెను గనుక తాను దొంగిలించినదానిని తిరిగి యియ్యనక్కరలేదని యెంచువాడు క్షమాపణను అపార్థము చేసికొన్నాడు. లేవీయకాండము 6వ అధ్యాయము ప్రకారము, మోసముచేసి తీసికొన్నవాడు మూలధనమును, దానిపై నైదవ వంతును సొంతదారునికి చెల్లించి, అపరాధపరిహారార్థ బలిని తేవలెను. బలి యున్నది గదాయని సొమ్ము నుంచుకొనుటకు వీలులేదు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతమున కూర్పబడిన యూదుల మిష్నా దీనినే స్పష్టపరచి, తోడి మనుష్యుని విషయమైన పాపము, ఆ మనుష్యుని సమాధానపరచువరకు ప్రాయశ్చిత్త దినమువలన తీరదని చెప్పినది. ఇస్లాములో కూడ తోటివాని హక్కును హరించినవాడు ఆ తోటివానితోనే తీర్చుకొనవలెనను బోధ కలదు. యెరికో పట్టణమున జక్కయ్య ఏమి చేసెను? అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంత లిచ్చెదనెను. గొర్రెను దొంగిలించి అమ్మినవానికి నిర్గమకాండము విధించిన శిక్షను తనకు తానే విధించుకొనెను. కాని క్రమమును గమనింపుడు. ప్రభువు వాని యింటికి వచ్చిన పిమ్మట ఈ మాట వచ్చినది గాని, ఈ మాట యిచ్చినందుకు ప్రభువు రాలేదు. జక్కయ్య చెల్లించినది వెల గాదు. వెల చెల్లింపబడిన యింట పుట్టిన కృతజ్ఞత. పశ్చాత్తాపము లేక, మార్పు లేక పంచిపెట్టబడు క్షమాపణను జర్మను బోధకుడు బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథమున "చవుక కృప" యని పిలిచెను. నాజీలు ఆయనను 1945 ఏప్రిలు 9న ఉరితీసిరి.

తలిదండ్రులకు ఒక్క మాట. క్షమించితినని చెప్పి, ఆరు నెలల పిమ్మట అన్నము పెట్టునప్పుడు, బంధువులు వచ్చినప్పుడు, పరీక్షాఫలితములు వచ్చినప్పుడు పాత తప్పును బయటికి తీయుట, కొట్టివేసిన పద్దుకు వడ్డీ వసూలు చేయుటయే. తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరినప్పుడు తండ్రి ఆస్తిలో పోయిన భాగమునకు లెక్క అడుగలేదు. లెక్క తీసినవాడు అన్న. పిల్లలు లెక్కలు మరువరు. అట్టి యిండ్లలో పెరిగిన బాలురు తప్పు చేసినప్పుడు ఒప్పుకొనుటకంటె అబద్ధమాడుటయే లాభమని త్వరగా గ్రహింతురు.

మా సహోపాధ్యాయుల యెదుట నొక సూచన నుంచుచున్నాము. తప్పు చేసిన విద్యార్థిచేత క్షమాపణ పత్రము వ్రాయించి, తండ్రి సంతకము తెప్పించి, దానిని కట్టలో కట్టి బీరువాలో నుంచుట అలవాటైనది. ఆ పత్రమున నేడు కనబడునది ఇక ముందెన్నడును ఇట్లు చేయననుమాటయే. జరిగినదేమో, దానివలన పోగొట్టుకొన్నదెవరో, తిరిగి యియ్యదగినది యేదైన నున్నచో దాని నెట్లు ఇచ్చునో వాడు తన సొంత మాటలలో వ్రాయవలెను. పెట్టె విరిగినచో పెట్టె తేవలెను; పేరు చెడగొట్టినచో చెడగొట్టిన వారి మధ్యనే నిలిచి ఆ మాట అబద్ధమని చెప్పవలెను. నష్టపడిన పిల్లను ఆ గదిలోనికి పిలుచుటకు ముందుగా, ఆమె రాదలచినదా యని యడుగవలెను. రాననినచో ఆ దినమునకు దానిని అట్లే విడువవలెను. ఆమె మనస్సున క్షమించుటకు ఒక వారమో ఒక సంవత్సరమో పట్టవచ్చును; అంతవరకు ఆమెను సాధుస్వభావము లేని పిల్లయని పిలువరాదు. దీనికి కాలమెక్కడిదని కొందరు మిత్రులు ముందుగనే నవ్వుచున్నారు. నిజమే, ఒక్కొక్క తగవునకు అరగంట పట్టును, ఆ అరగంట ఉపాధ్యాయుని విశ్రాంతి గంటనుండియే పోవును. అదియు ఆ వెలలోని భాగమే యని వారితో చెప్పితిమి. తలిదండ్రులు ఈ విషయమై తమ యభిప్రాయములను పాఠశాల తెరచిన మొదటి మాసములో వ్రాసి పంపినచో ఉపాధ్యాయుల సమావేశమున చదివి వినిపించెదము.